ట్రక్కు నిండా పత్తి, ఒళ్ళంతా చలి

గుంటూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళం చలి గురించి మాట్లాడితే ఎవరూ నమ్మరు. పాడేరు వైపు కొన్నేళ్ళు ఉద్యోగం చేసొచ్చిన మా చిన్నాన్న కొడుకు మొహం మీదే నవ్వాడు. "మీ దగ్గర చలేంటక్కా, మే నెలలో తారు కరిగి చెప్పులకు అంటుకునే ఊళ్ళు మీవి," అన్నాడు. వాడితో వాదించే ఓపిక నాకు లేదు. తారు కరిగే ఊళ్ళకు ధనుర్మాసం కూడా వస్తుంది. ఆ నెలలో రోడ్డు పక్కన, ఇనప ట్రక్కులో, కరెంటు లేకుండా, నిప్పు లేకుండా, అందునా మా అత్తతో కలిసి ఉంటే వాడికి తెలుస్తుంది. నేను ఉండి వచ్చాను.

మాది దర్శి వైపు మెట్ట ఊరు. ఆ ఏడు ఉన్న చేనంతా పత్తే వేశాం. తీతలు పూర్తయ్యేసరికి ఇంటి ముందుగది పైకప్పు దాకా పత్తి నిండింది. మంచం వాల్చుకునే చోటు లేక వంటింట్లో పడుకునేవాళ్ళం. ఊళ్ళోకి బేరగాడు వచ్చేవాడు. గుప్పెడు పత్తి తీసి పిసికి, మూతి విరిచి, "రంగు తగ్గిందమ్మా" అని వెళ్ళిపోయేవాడు. ఇంకో రెండు రోజులకు మళ్ళీ వచ్చి ఇంకొంచెం తక్కువకు అడిగేవాడు. చూసి చూసి మా ఆయన, సర్కారు తరఫున జిన్నింగ్ మిల్లులో కొంటున్నారని తెలిసి, ఫోన్లో పేరు ఎక్కించాడు. తీరా రమ్మని మెసేజ్ వచ్చేసరికి ఆయన కాలికి సిమెంటు కట్టు ఉంది. బండి మీద పోతుంటే బర్రె అడ్డం వచ్చిందట. ఆ బర్రెకేం కాలేదు.

"నేను పోతాలే," అన్నాను. పొద్దున పోతే సాయంత్రానికి తిరిగొస్తాననుకున్నాను. 

ఆ మాట వినగానే అత్త లేచింది. ఆమె నాకు మేనత్త కూడా. చిన్నప్పటి నుంచి ఆమె చేతి కిందే పెరిగాను కాబట్టి ఆమెతో నాకు మొహమాటం లేదు, ఆమెకు నాతో అసలే లేదు.

"ఒక్కదానివే ఎట్టా పోతావే? లారీలోళ్ళు, తాగుబోతులు ఉంటారు," అంది.

"నువ్వొస్తే నిన్ను కూడా నేనే చూసుకోవాలి అత్తా. మోకాళ్ళ నొప్పులతో ట్రక్కు ఎక్కగలవా?"

"నన్ను చూసుకోమని ఎవరన్నారు? నేను పత్తిని చూసుకుంటా."

మా ఆయన కాలు దిండు మీద పెట్టుకుని, "రానియ్యవే, తోడుంటుంది," అన్నాడు. ఇంట్లో పడుకున్నవాడికి అన్నీ తేలిగ్గానే ఉంటాయి.

మా వీధిలోని ట్రాక్టరు బాడుగకు మాట్లాడాం. దాని వెనక తగిలించే ట్రక్కు చుట్టూ తడికలు నిలబెట్టి, పత్తి తొక్కి నింపి, పైన టార్పాలిన్ పట్టా కప్పి తాళ్ళు బిగించాం. వెనకవైపు మాత్రం మేమిద్దరం కూర్చోవడానికి కొంచెం ఖాళీ వదిలాం. అత్త ఒక గోనెసంచి మూట తెచ్చుకుంది. అందులో ఏముందంటే "నా బట్టలు" అంది. బట్టలు అంత బరువుగా ఉంటాయా అని నాకు తోచలేదు. తోచి ఉంటే చాలా గొడవ తప్పేది.

మిల్లు మా ఊరికి ట్రాక్టరు మీద ఒక పూట ప్రయాణం. మేం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. గేటు కనపడలేదు. రోడ్డు మార్జిన్ పొడుగునా ట్రక్కులే, వాటి వెనక ట్రక్కులే. మాకు మెసేజ్ వచ్చిన రోజునే వీళ్ళందరికీ వచ్చిందా అనుకున్నాను. కాదు, వాళ్ళకు అంతకు ముందే వచ్చింది. కంప్యూటరు పనిచెయ్యట్లేదని ఆపేశారు.

బాడుగ ట్రాక్టరు అబ్బాయి వరస చూసి, ఇంజను కట్టేసి, తల గోక్కున్నాడు.

"వదినా, నాకు ఎల్లుండి దాకా రొటవేటర్ దుక్కి పని ఒప్పుకున్నది ఉంది. ట్రక్కు ఇక్కడే వదిలేసి ఇంజను తీసుకుపోతా. మీ వంతు వచ్చేముందు ఫోన్ కొట్టండి. వాలిపోతా."

"మరి వరస జరిగితే ట్రక్కు ఎవరు లాగాలి?"

"ఎవరో ఒకరు లాగుతారులే వదినా. అందరూ మనోళ్ళే."

ముందు భాగం కింద ఇనప స్టాండు దించి, చక్రాలకు రాళ్ళు పెట్టి, ఇంజను ఊడదీసుకుని వెళ్ళిపోయాడు. స్టాండు కిందున్న మట్టి మెత్తగా ఉందేమో, అతను మలుపు తిరిగేలోపే ట్రక్కు ముందుకు వాలింది. ఆ వాలు మాతో చివరిదాకా ఉంది. పడుకున్నప్పుడల్లా నేను జారి అత్త మీదకు పోయేదాన్ని. ఆమె నన్ను మోచేత్తో వెనక్కి నెట్టేది.

సాయంత్రం మిల్లు వాచ్‌మెన్ వరస పొడుగునా నడుస్తూ వచ్చాడు. మెడకు మఫ్లరు, చేతిలో కర్ర, నోట్లో ఈల. పెద్దమనిషే. ప్రతి ట్రక్కు దగ్గరా ఆగి అదే మాట చెప్పాడు. బీడీ కాల్చకూడదు. పొయ్యి పెట్టకూడదు. టీ బంకు నుంచి వైరు లాక్కుని బల్బు వేసుకుంటామని ఎవరో అడిగితే, అదీ కుదరదన్నాడు.

"ఒక్క రవ్వ పడితే ఈ వరసంతా బూడిదవుద్ది. తర్వాత మీరూ ఏడవాలి, నేనూ ఏడవాలి."

ఆయన చెప్పింది తప్పని ఎవరమూ అనలేం. కానీ పొద్దు వాలేకొద్దీ పక్కనున్న కాలవ మీదుగా గాలి మొదలైంది. మాకు పడమరన అంతా కోసేసిన చేలే, అడ్డం చెట్టు కూడా లేదు. మా దగ్గరున్నది ఒక రగ్గు, ఒక దుప్పటి, నా శాలువా, అత్త చీర మీద వేసుకున్న మా ఆయన చొక్కా. ఒక రోజు పనికి ఇంతకంటే ఎవరు తెచ్చుకుంటారు?

చలేస్తోంది కదా అని నేను పత్తి పైకి ఎక్కి, దుప్పటి పరవబోయాను. అత్త నా పాదం పట్టుకుని లాగింది.

"దిగు. దాని మీద పడుకోవద్దు."

"ఇంత పత్తి పెట్టుకుని ఇనప రేకు మీద పడుకోవడమేంటి అత్తా?"

"మనిషి పడుకుంటే పత్తి చెమరుస్తుంది. రేపు మిల్లోళ్ళు మిషను గుచ్చి చూసి తేమ ఉందంటే, నీ మొగుడికి నువ్వు చెప్తావా సమాధానం?"

ఇదీ మా పరిస్థితి. పక్కన పత్తి కొండలా ఉంది. మేమిద్దరం ఖాళీ గోనె పరుచుకుని రేకు మీద పడుకున్నాం. ఇనప రేకు చలిని ఎట్లా పట్టుకుంటుందో నాకు అప్పటిదాకా తెలియదు. గోనెలోంచి, చీరలోంచి నడుముకు ఎక్కుతుంది. ఒక పక్క మొద్దుబారితే ఇంకో పక్కకు తిరగడం, అది మొద్దుబారితే మళ్ళీ ఇటు తిరగడం. తిరిగినప్పుడల్లా వాలుకు జారడం, మోచెయ్యి పోటు తినడం.

పట్టా సంగతి ఇంకో తలనొప్పి. గాలి రాకుండా నాలుగు వైపులా దించి బిగించాను. లోపల కాసేపటికి వెచ్చగానే అనిపించింది. పోనీలే, ఒక దారి దొరికిందనుకున్నాను. తెల్లవారేసరికి మొహం మీద నీటిబొట్టు పడి మెలకువ వచ్చింది. చెయ్యి పెట్టి చూస్తే పట్టా లోపలి వైపంతా చెమట పట్టినట్టు తడి. మా ఇద్దరి ఊపిరే అట్లా నీళ్ళయి, పత్తి అంచు మీదకు కారుతోంది. అత్త లేచి చూసి నెత్తి కొట్టుకుంది.

"పడుకుంటే చెమరుస్తుందంటే, ఊపిరితో తడిపావా?"

"నువ్వు ఊపిరి పీల్చలేదా అత్తా?"

ఆమె కొంగుతో పట్టా తుడవడం మొదలుపెట్టింది. ఆ రోజు నుంచి రాత్రి పట్టా ఒక మూల తెరిచి ఉంచాలని తీర్మానం చేసింది. తెరిస్తే చలి, మూస్తే తడి. పత్తికి తడి తగలకూడదు కాబట్టి చలి మాకే.

పొద్దున్నే ఇంకో అవస్థ. ఆడవాళ్ళకు మిల్లులో బాత్రూము ఉంది, దానికి తాళం ఉంది, తాళం చెవి ఉన్న మనిషి ఇంకా రాలేదు. పెట్రోలు బంకు దాకా నడిచాం. అక్కడి అబ్బాయి మా తలల నిండా ఉన్న పత్తి పింజలు చూసి ఏమీ అడగకుండా దారి చూపించాడు. మా కంటే ముందు ఇంకెంతమంది వచ్చారో.

తిరిగొచ్చేసరికి వరస కదులుతోంది. మా ముందు ట్రక్కు వెళ్ళిపోయింది, మాది కదలదు కదా, మధ్యలో ఖాళీ పడింది. వెనకున్నవాళ్ళు హారన్లు మొదలుపెట్టారు. మా వెనక ట్రాక్టరు మీద ముప్ఫై ఏళ్ళ సాయిబు, పక్కన అతని భార్య ఉన్నారు. అతను దిగి వచ్చి ట్రక్కు ముందు చూసి, "ఇంజనేదక్కా?" అన్నాడు.

"ఊళ్ళో ఉంది."

అతను నన్ను, మా అత్తను, ట్రక్కును మార్చి మార్చి చూశాడు. "ఇంజను లేకుండా వరసలోకి వచ్చినోళ్ళను ఇదే చూడటం," అన్నాడు. గొణుక్కుంటూనే తన ఇంజను విప్పి, మా ట్రక్కుకు తగిలించి ముందుకు లాగి, మళ్ళీ విప్పి వెనక్కి పోయి తన ట్రక్కు తగిలించుకున్నాడు. వరస జరిగినప్పుడల్లా ఇదే పని. జరిగినప్పుడల్లా గొణిగాడు. ఒక్కసారి కూడా చెయ్యనని అనలేదు.

వాళ్ళది దూదేకుల కుటుంబం. నాన్న ఊరూరా తిరిగి పరుపులు కుట్టేవాడట. ఇతను కౌలుకు తీసుకుని పత్తి వేస్తున్నాడు. అత్త ఆ మాట వినగానే, "మీ నాన్న పరుపు ఒకటి తెచ్చుకోలేకపోయావా అబ్బాయ్, రేకు మీద నడుములు పోతున్నాయి," అంది.

"మా ఇంట్లోనే పరుపు లేదు పెద్దమ్మా. కుట్టేవాళ్ళ ఇంట్లో ఎప్పుడుంది?" అన్నాడు. అతని భార్య ముసుగు చాటున నవ్వింది. ఆ నాలుగు రోజుల్లో అక్కడ ఎవరైనా నవ్వడం నాకు గుర్తున్నది అదొక్కటే.

గేటు ఇంకా దూరంగానే ఉండగా కంప్యూటరు మళ్ళీ ఆగింది. ఆ సాయంత్రం నేను తెలివి ప్రదర్శించాను. టీ బంకులో మరిగే నీళ్ళు అడిగి, పెద్ద కూల్‌డ్రింకు సీసాలో పోయించుకున్నాను. గుడ్డ చుట్టి కాళ్ళ దగ్గర పెట్టుకుంటే వెచ్చగా ఉంటుందని. సీసా చేతిలో ఉండగానే మెత్తబడి, నడుం వంగి, ముసలమ్మలా తయారైంది. అయినా పట్టుకొచ్చాను. రగ్గు కింద పెట్టాను. నిజంగానే పాదాలకు ప్రాణం వచ్చింది. అత్త కూడా, "బాగుందే," అని తన పాదాలు అటే చేర్చింది. మా మేనత్త నోట మెచ్చుకోలు మాట విని ఎన్నేళ్ళయిందో. ఆ సంతోషంలో కన్ను మూతపడింది. సీసా మూత దగ్గర ఎక్కడో ఊడింది. నీళ్ళు వాలుకు పారాయి. వాలు పత్తి వైపే ఉంది.

ఆమె ఏమందో రాయను. మా అమ్మను, నాన్నను, అంటే తన సొంత తమ్ముణ్ణి కూడా కలిపి తిట్టింది. తడిసిన పత్తి చేతులతో తవ్వి గోనెలోకి తీశాం. రగ్గు సగం తడిసింది. మిగిలిన దుప్పటిలో ఇద్దరం ముడుచుకున్నాం. 

తెల్లారగట్ల నాకు మెలకువ వచ్చేసరికి, దుప్పటి, నా శాలువా, రగ్గు పొడిగా ఉన్న సగం, అన్నీ నా మీదే ఉన్నాయి. పక్కన అత్త లేదు. గాలిలో పొగ వాసన. ఇంటి దగ్గరైతే బాగుండే వాసన. అక్కడ మాత్రం కాదు.

పట్టా తోసుకుని కిందకు దూకాను. ట్రక్కు పక్కనే, చక్రం చాటున, గాలి తగలకుండా చూసుకుని అత్త కూర్చుని ఉంది. ముందు మట్టి కుంపటి. అందులో ఎర్రగా బొగ్గులు. ఆ గోనె మూటలో బరువుగా ఉన్నది అదీ, దానికి సరిపడా బొగ్గులూ. రెండు చేతులూ చాచి కాచుకుంటోంది. ఆమె తలకు రెండు జానల పైన తడికల్లోంచి మా పత్తి వేలాడుతోంది.

"అత్తా, నీకు మతి ఉందా?"

"అరవకు. జనం లేస్తారు," అంది ప్రశాంతంగా.

జనం లేచారు. ముందు సాయిబు లేచాడు, తర్వాత ఆ వెనకోళ్ళు, ఆ తర్వాత ఈల వేసుకుంటూ వాచ్‌మెన్. నేను తువ్వాలు చేతికి చుట్టుకుని కుంపటి ఎత్తి రోడ్డుకు అడ్డంగా పరుగెత్తాను. ఒక లారీ నా కోసం బ్రేకు వేసింది. అవతల ఖాళీ స్థలంలో కుంపటి దించి, బొగ్గుల మీద మట్టి పోశాను. 

తిరిగొచ్చేసరికి పెద్ద పంచాయితీ నడుస్తోంది. ట్రక్కును వరసలోంచి తీసెయ్యాలని ఒకరు. ముసలామెను ఏమంటాం అని ఇంకొకరు. వాచ్‌మెన్ కోపంతో ఊగిపోతున్నాడు.

"పెద్దదానివి, నీకు చెప్పలేదా నేను? నిప్పు పెట్టొద్దని ప్రతి ట్రక్కుకూ చెప్పలేదా?"

అత్త చక్రం పట్టుకుని మెల్లగా లేచింది. అప్పుడు చూశాను, ఆమె కాళ్ళు సరిగ్గా నిలబడట్లేదు. మోకాళ్ళు బిగుసుకుపోయి ఉన్నాయి.

"చెప్పావు నాయనా. తప్పే. కానీ కాళ్ళు వంగట్లేదు, లేవట్లేదు. పోయి కోడలిని లేపితే, అది కప్పుకున్నది కూడా నాకే ఇస్తుంది. అందుకని లేపలేదు."

ఆ మాటతో నాకు జాలి కలిగిందని చెప్పాలి. కలిగింది కూడా. కానీ దానికంటే ముందు ఒళ్ళు మండింది. నా మీద అన్నీ కప్పి, తను వణుకుతూ కూర్చుని, ఊరందరి పత్తి తగలబెట్టబోయి, దాన్ని నా మీద ప్రేమ అంటే నేనేం చెయ్యాలి?

 వాచ్‌మెన్ రోడ్డు అవతలి ఖాళీ స్థలం వైపు కర్ర చూపించాడు. "అక్కడ వేసుకోండి మంట. గాలి అటు నుంచి అటే పోతుంది. కాచుకునేవాళ్ళు పోయి కాచుకుని రండి. నిప్పు మాత్రం రోడ్డు దాటకూడదు. దాటితే నేనే పోలీసులను పిలుస్తా."

ఈ మాట మొదటి రోజే చెప్పి ఉండొచ్చు కదా అని నా నోటిదాకా వచ్చింది. 

తుమ్మ కంపలు, పత్తికట్టె తెచ్చి మంట వేశారు. వరసలోని జనమంతా వంతులవారీగా అక్కడికి చేరారు. అత్తను నేనూ, సాయిబు భార్యా చెరో రెక్కా పట్టుకుని నడిపించాం. వేడి తగిలాక ఆమె మోకాళ్ళు విడివడ్డాయి, నోరు కూడా విడివడింది. మిల్లు గోడ కట్టగా మిగిలిన ఇటుకలు అక్కడ పడి ఉన్నాయి. వాటిని చూసి, "నువ్వు పిల్లాణ్ణి కన్నప్పుడు నీ నడుముకు ఏం పెట్టాను?" అని నన్ను అడిగింది.

ఇటుక కాపడం. బాలింతగా ఉన్నప్పుడు రోజూ పెట్టేది. కాలుతోంది అత్తా అంటే, కాలితేనే మంచిది అనేది.

ఆ సాయంత్రం ఇటుకలు మంట పక్కన పెట్టి వేడెక్కించాం. నిప్పు రోడ్డు దాటకూడదన్నారు కానీ ఇటుక నిప్పు కాదని అత్త వాదన. వాచ్‌మెన్ వచ్చి, ఇటుకను బూడిద లేకుండా దులిపించి, నీళ్ళు చిలకరించి చూసి, చివరకు తన అరచెయ్యి దాని మీద ఆనించి పెట్టి, చెయ్యి నిలిచాకనే పోనిచ్చాడు. గోనెముక్కలో చుట్టి, పత్తికి దూరంగా రేకు మీద పెట్టుకుని, దాని మీద కాళ్ళు చాపాం. మొదటిసారి నేను తెల్లారేదాకా నిద్రపోయాను. వెనక ట్రక్కు వాళ్ళూ తీసుకెళ్ళారు. మర్నాటికి మిల్లు వాళ్ళ ఇటుకల గుట్ట సగం తగ్గింది. దాని మీద ఇంకో గొడవ జరిగింది, అది వేరే.

మర్నాడు మా వంతు వచ్చింది. బాడుగ అబ్బాయికి ఫోన్ చెయ్యబోతే నా ఫోను చచ్చిపోయి ఉంది. టీ బంకులో ఛార్జింగు పెట్టడానికి ఇచ్చినవి అప్పటికే బుట్టెడు ఉన్నాయి. బంకు అతని ఫోన్‌తో చేస్తే, "బయల్దేరా వదినా, దారిలో ఉన్నా," అన్నాడు. వెనకాల రొటవేటర్ చప్పుడు నాకు స్పష్టంగా వినపడుతోంది. సాయిబే గొణుగుతూ మా ట్రక్కును గేటు లోపలికి లాగాడు.

స్వెట్టరు వేసుకున్న కుర్రాఫీసరు మిషను పట్టుకుని వచ్చాడు. పొడుగాటి పుల్ల లాంటిది పత్తిలో గుచ్చాడు. లోపల బాగుందన్నాడు. పైన గుచ్చాడు, వెనక గుచ్చాడు. తల అడ్డంగా ఊపాడు.

"పైన, వెనకా చెమ్మ ఉందమ్మా. ఆరబెట్టి తీసుకురండి."

నాలో ఇన్నాళ్ళూ అణిచిపెట్టుకున్నదంతా ఒక్కసారి పైకి లేచింది. "ఇంటి దగ్గర గలగలమంటున్న పత్తి బాబూ ఇది. మీ గేటు ముందు ఇన్ని రాత్రులు మంచులో నిలబెట్టింది మీరే. తడి మీరే పట్టించి, తడి ఉందని మీరే అంటే ఎట్టా?"

అతను మిషను వంక చూశాడు, నా వంక చూశాడు. "మంచుకి నేనేం చెయ్యనమ్మా," అన్నాడు. అతని గొంతు కూడా అలిసిపోయే ఉంది. రోజుకు ఎంతమంది ఇదే మాట అంటున్నారో. కోప్పడటానికి కూడా సరైన మనిషి దొరకలేదు నాకు.

మిల్లు ఆవరణలో సిమెంటు కళ్ళం ఉంది. ఎండ వచ్చింది. పైపత్తి, వెనకపత్తి లాగి పరిచాం. అత్త ఒక పక్క, నేను ఒక పక్క, సాయిబు భార్య మధ్యలో, కాళ్ళతో తిరగేస్తూ నడిచాం. అన్ని రాత్రులూ మమ్మల్ని గడ్డకట్టించిన ఊరే, మిట్టమధ్యాహ్నానికి నెత్తి మాడ్చేసింది. అత్త వేసుకున్న మా ఆయన పొడుగుచేతుల చొక్కా విప్పి నా భుజాన పడేసింది. "ఏం ఎండే ఇది," అని విసుక్కుంది. నేను ఆ చొక్కా తలకు చుట్టుకున్నాను.

ఎండిన పత్తిని మళ్ళీ ట్రక్కులోకి ఎత్తి, ఆఖరి మోపు తొక్కేసరికి మా బాడుగ అబ్బాయి ఇంజను వేసుకుని గేట్లోకి వచ్చాడు. "అయిపోయిందా వదినా? చెప్తే సాయం చేసేవాణ్ణి కదా," అన్నాడు. అత్త అతన్ని అన్నది అతను జన్మలో మరిచిపోడు. ఈసారి మిషను ఒప్పుకుంది. తూకం అయింది. చీకటి పడకముందే ఖాళీ ట్రక్కులో ఇంటికి బయల్దేరాం. మా తర్వాత కంప్యూటరు మళ్ళీ ఆగి, సాయిబు వాళ్ళ వంతు ఇంకా రాలేదు. మా రగ్గు, దుప్పటి వాళ్ళకు ఇచ్చేశాం. నేను వద్దన్నా వినకుండా అత్త కుంపటి కూడా ఇస్తానంటే, అతను రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

ఇంటికి చేరేసరికి మా ఆయన కాలు అదే దిండు మీద ఉంది. "ఒక్క రోజని నాలుగు రోజులు చేశారే. చలేమైనా వేసిందా?" అన్నాడు. నేను స్నానానికి నీళ్ళు పెట్టుకోవడానికి లోపలికి పోయాను. అత్త మాత్రం అరుగు మీద కూర్చుని వీధిలో వాళ్ళందరికీ చెప్పడం మొదలుపెట్టింది. వినేవాళ్ళకు అదేదో శ్రీశైలం యాత్రలా ఉంది. అందులో వాచ్‌మెన్ ఉన్నాడు, ఆఫీసరు ఉన్నాడు, ఇటుకలున్నాయి, నా సీసా అయితే రెండుసార్లు ఉంది. నిప్పు సంగతి ఎక్కడా లేదు.

నాకు పత్తి నుసి పట్టి నెల రోజులు దగ్గు వదల్లేదు. ఇంక పత్తి వద్దని నేను పట్టుబట్టాను. మా ఆయన మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాడు, మిరప వేద్దామన్నాడు. వేశాం. బాగానే పండింది. కోసి చేలోనే కళ్ళం చేసి ఆరబోశాం. ఎర్రగా, చూడముచ్చటగా ఉంది. పొద్దుగూకేసరికి కుప్ప చేసి పట్టా కప్పాలి, తెల్లారి మంచు విడిచాక విప్పాలి. రాత్రి కాపలా ఉండాలి. ఊరికి దూరం, కరెంటు స్తంభం లేదు. ఈ సంగతి వేసేముందు ఎందుకు ఆలోచించలేదో ఇద్దరిలో ఎవరికీ తెలియదు.

"నేను పోతాలే," అని మా ఆయన అన్నాడు. ఇప్పుడు కాలు బాగానే ఉంది. నేను సరేననే లోపు అత్త గోనెసంచి దులపడం వినపడింది.

"అత్తా, నువ్వు ఇంట్లోనే ఉండు," అన్నాను.

"వాడికేం తెలుసే? మూల తెరవకుండా పట్టా కప్పేస్తాడు, కాయంతా బూజు పడుద్ది," అంది.

ఆమె వెళ్ళింది. ఆమెనూ, ఆ కుంపటినీ ఆయన ఒక్కడి మీద వదల్లేక నేనూ వెళ్ళాను. మా ఆయన, ఇద్దరూ ఉన్నారుగా అని, ఇంట్లో పడుకున్నాడు.